సాల్మొనెల్లాకు పేరు ఇచ్చిన పశువైద్యుడు: డేనియల్ సాల్మన్ జీవితం, చికెన్ పరీక్ష గురించి రైతులు తెలుసుకోవలసినవి

కోళ్లు పెంచే రైతులు సాల్మొనెల్లా అనే మాట వినే ఉంటారు. హేచరీ వాళ్లు, పశువైద్యులు, మాంసం కొనే కంపెనీల వాళ్లు తరచూ అంటుంటారు. ఇది కోళ్ల పేగుల్లో ఉండి, మాంసానికి అంటుకుని, సరిగా ఉడకని చికెన్ తిన్నవారికి జ్వరం, విరేచనాలు, కడుపు నొప్పి తెచ్చే బ్యాక్టీరియా. సాల్మన్ అనే చేపకూ దీనికీ సంబంధం లేదు. ఈ పేరు ఒక పశువైద్యుడి ఇంటి పేరు నుంచి వచ్చింది. ఆయన డేనియల్ ఎల్మర్ సాల్మన్. అమెరికా పశువైద్య శాఖకు పునాది వేసింది, మాంసం తనిఖీని దేశమంతటా మొదలుపెట్టింది ఆయనే.

మీ షెడ్డులో కోడి చూడటానికి నవనవలాడుతూ ఉండవచ్చు. బరువు బాగా రావచ్చు. కోసిన మాంసం రంగు, వాసన బాగుండవచ్చు. అయినా ఆ మాంసంలో సాల్మొనెల్లా ఉండవచ్చు. ఈ సంగతి తేలడానికి సాల్మన్ జీవితకాలం పట్టింది, ఆ తరువాత మరికొన్ని దశాబ్దాలు పట్టింది. ఆయన కథ తెలుసుకుంటే పరీక్ష ఎందుకు అవసరమో, రిపోర్టును ఎంతవరకు నమ్మాలో మీకు స్పష్టమవుతుంది.

పొలం పనిలో పెరిగిన పిల్లవాడు

సాల్మన్ 1850 జూలై 23న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, మౌంట్ ఆలివ్ అనే పల్లె ప్రాంతంలో పుట్టారు. ఏడాది తిరిగేసరికి తండ్రి పోయారు. ఎనిమిదేళ్లకు తల్లి కూడా పోయింది. ఒక బంధువు చేరదీసి పెంచారు. ఆ ఇంట్లో వ్యవసాయం ఉండేది. పిల్లవాడు బడికి వెళుతూనే పొలం పని చేశాడు, ఊరి దుకాణంలో గుమాస్తాగానూ కుదిరాడు. పశువుకు జబ్బు చేస్తే ఆ ఇంటి లెక్క ఎలా తారుమారవుతుందో ఆయనకు పుస్తకాల్లో చదివి తెలుసుకునే పని లేకపోయింది.

1868లో కార్నెల్ విశ్వవిద్యాలయం మొదలైంది. మొదటి ఏడాదే చేరిన విద్యార్థుల్లో సాల్మన్ ఒకరు. అక్కడ స్కాట్లాండ్ నుంచి వచ్చిన పశువైద్య ఆచార్యుడు జేమ్స్ లా దగ్గర చదివారు. ఆ రోజుల్లో అమెరికాలో పశువైద్యం అంటే ఎక్కువగా గుర్రాలకు నాటు వైద్యం చేయడమే. శాస్త్రంగా నేర్చుకోవాలంటే యూరప్ వెళ్లాలి. సాల్మన్ కూడా చదువులో కొంతకాలం పారిస్ దగ్గరి ఆల్ఫోర్ట్ పశువైద్య కళాశాలలో గడిపి వచ్చారు. 1872లో పట్టా తీసుకున్నారు. 1876లో కార్నెల్ ఆయనకు డాక్టర్ ఆఫ్ వెటర్నరీ మెడిసిన్ పట్టా ఇచ్చింది. అమెరికాలో ఆ పట్టా అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే.

పట్టా చేతికి రాగానే పెళ్లి చేసుకుని, న్యూజెర్సీలోని నెవార్క్‌లో వైద్యం మొదలుపెట్టారు. ఆరోగ్యం సరిగా లేక 1875లో దక్షిణాన కొండ ప్రాంతమైన ఆష్‌విల్‌కు మారారు. అక్కడి నుంచి ఆయన జీవితం మలుపు తిరిగింది. 1879 నాటికి ప్రభుత్వ వ్యవసాయ శాఖ ఆయనను పశువుల అంటువ్యాధులపై పరిశోధనకు నియమించింది. పందుల తెగుళ్లు, దక్షిణ రాష్ట్రాల పశువుల జ్వరాలు, కోళ్ల కలరా ఆయన పని అయ్యాయి.

20 మందితో మొదలైన శాఖ

ఆ కాలంలో అమెరికా రైతులకు రెండు పెద్ద కష్టాలు ఉండేవి. ఒకటి, పశువుల ఊపిరితిత్తుల అంటు తెగులు. 1843లో ఓడలో వచ్చిన ఒక ఆవు ద్వారా అది న్యూయార్క్ ప్రాంతంలో అడుగుపెట్టి తూర్పు రాష్ట్రాల్లో పాకింది. దాని భయంతో బ్రిటన్ అమెరికా పశువుల దిగుమతిపై ఆంక్షలు పెట్టింది. రెండోది, పంది మాంసం. అందులో పురుగులు ఉన్నాయని ఇటలీ, జర్మనీ, ఫ్రాన్స్ వంటి దేశాలు 1879 తరువాత కొనడం మానేశాయి. ఎగుమతి ఆగిపోతే ధర పడిపోతుంది. ఆ నష్టం చివరికి పశువులు పెంచే రైతు మీదే పడింది.

ఈ పరిస్థితిలో 1884లో అమెరికా పార్లమెంటు పశు పరిశ్రమ శాఖను ఏర్పాటు చేసింది. దాని మొదటి అధిపతి సాల్మన్. అప్పటికి ఆయన వయసు 34 ఏళ్లు కూడా నిండలేదు. చట్టం ఆ శాఖకు ఇచ్చిన ఉద్యోగుల సంఖ్య 20కి మించలేదు. అంత పెద్ద దేశానికి అంత చిన్న బృందం.

ఆ బృందం చేసిన పనులు చూడండి. జబ్బు ఉన్న మందలను గుర్తించడం, వేరుచేయడం, వధించడం, రైతుకు పరిహారం ఇవ్వడం అనే పద్ధతిలో ఊపిరితిత్తుల తెగులును వెంటాడారు. 1892 నాటికి ఆ తెగులు అమెరికాలో లేకుండా పోయింది. దక్షిణాది పశువులు వెళ్లిన దారిలో ఉత్తరాది పశువులు చనిపోయే టెక్సాస్ జ్వరానికి కారణం పిడుదులేనని ఈ శాఖలో పనిచేసిన థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ నిరూపించి 1893లో ప్రకటించారు. మన దగ్గర పశువులకు ఎర్ర మూత్రం పోయే జబ్బు కూడా ఇదే కుటుంబానికి చెందినది. ఒక జీవి ద్వారా మరో జీవికి రోగం సోకుతుందని ఇంత గట్టిగా రుజువు కావడం వైద్య చరిత్రలో పెద్ద మలుపు. ఆ ప్రయోగాలు జరిగింది సాల్మన్ నడిపిన శాఖలోనే.

పంది పేగుల్లో దొరికిన బ్యాక్టీరియా

1885లో హాగ్ కలరా అనే తెగులుతో పందులు గుంపులు గుంపులుగా చస్తున్నాయి. ఆ పందుల పేగుల నుంచి శాఖ పరిశోధకులు ఒక బ్యాక్టీరియాను వేరుచేశారు. ప్రయోగశాలలో ఆ పని చేసింది ప్రధానంగా థియోబాల్డ్ స్మిత్. ఆయన వయసు అప్పుడు 26. కానీ శాఖ అధిపతిగా నివేదికల మీద సాల్మన్ పేరే ముందు నిలిచింది. ఈ విషయంలో స్మిత్ మనసు నొచ్చుకున్నారు. 1895లో శాఖను వదిలి హార్వర్డ్ వైపు వెళ్లారు. 1900లో లిన్యేర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ జాతి బ్యాక్టీరియాకు సాల్మొనెల్లా అని పేరు పెట్టినప్పుడు గౌరవం సాల్మన్‌కు దక్కింది. కనుక్కున్నది స్మిత్, పేరు సాల్మన్‌ది. ఈ నిజాన్ని చరిత్రకారులు ఇప్పుడు దాచకుండానే చెబుతారు.

ఈ కథలో ఇంకో మలుపు ఉంది. రైతులకు బాగా పనికొచ్చేది అదే. ఆ బ్యాక్టీరియాయే హాగ్ కలరాకు కారణమని సాల్మన్, స్మిత్ ఇద్దరూ నమ్మారు. అది తప్పు. దాదాపు 20 ఏళ్ల తరువాత, 1903 నుంచి 1905 మధ్య అదే శాఖలోని డి ష్వైనిట్జ్, డోర్సెట్ అసలు కారణం వైరస్ అని తేల్చారు. సన్నని వడపోత గుండా బ్యాక్టీరియా దాటలేదు, వైరస్ దాటుతుంది. జబ్బు పందుల రక్తాన్ని అలా వడపోసినా, ఆ ద్రవం మంచి పందులకు తెగులు తెచ్చింది. అంటే పేగుల్లో దొరికిన బ్యాక్టీరియా అక్కడ ఉన్నది నిజమే, కానీ తెగులుకు అసలు మూలం అది కాదు.

మీ షెడ్డులో కోళ్లు చనిపోయినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. ల్యాబ్ రిపోర్టులో ఒక బ్యాక్టీరియా పేరు కనిపించగానే చావులకు అదే కారణమని నిర్ణయించుకోవద్దు. కొక్కెర తెగులు, గంబోరో వంటి వైరస్ జబ్బులతో నీరసించిన కోళ్లలో బ్యాక్టీరియా రెండో దెబ్బగా చేరుతుంది. చనిపోయిన కోడిని కోసి చూసిన పశువైద్యుడి మాట, టీకాల వివరం, ల్యాబ్ రిపోర్టు మూడూ కలిపి చూస్తేనే అసలు కారణం తెలుస్తుంది.

అదే కాలంలో వారు చేసిన మరో పని మాత్రం గట్టిగా నిలబడింది. 1886లో ఈ బ్యాక్టీరియాను వేడితో చంపి, దాన్ని పావురాలకు ఎక్కించారు. తరువాత అదే బ్యాక్టీరియాను బతికున్నది ఎక్కించినా ఆ పావురాలు తట్టుకున్నాయి. చచ్చిన సూక్ష్మజీవితో కూడా టీకా పనిచేస్తుందని అలా తెలిసింది. నేడు కోళ్లకు వేసే చంపిన టీకాలకు దారి వేసిన తొలి ప్రయోగాల్లో ఇది ఒకటి. ఈ బ్యాక్టీరియా వేడికి చస్తుందన్న సంగతి కూడా ఇందులోనే ఉంది. మన వంటింటికి కావలసినది అదే.

కోళ్ల మీద ఆయన శ్రద్ధ

ఆ రోజుల్లో పశువైద్యులు గుర్రాన్ని, ఆవును పట్టించుకున్నంతగా కోడిని పట్టించుకునేవారు కాదు. కోళ్లు ఇంటి ఆడవాళ్ల పెరటి సంగతి అని వదిలేసేవారు. సాల్మన్ అలా అనుకోలేదు. కోళ్ల కలరాపై పరిశోధన చేసి ప్రభుత్వ నివేదికల్లో రాశారు. 1899లో కోళ్ల జబ్బుల మీద ఒక పూర్తి పుస్తకమే ప్రచురించారు.

ఇంచుమించు అదే సమయంలో లియో రెట్జర్ అనే మరో అమెరికన్ శాస్త్రవేత్త కోడిపిల్లలను గుంపుగా చంపే తెల్లపారుడు వ్యాధికి కారణమైన బ్యాక్టీరియాను పట్టుకున్నారు. అదీ సాల్మొనెల్లా కుటుంబమే. తల్లి కోడి నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి పిల్లకు అది చేరుతుంది. 1913లో తల్లి కోళ్ల రక్తం పరీక్షించి, సోకిన వాటిని మంద నుంచి తీసివేసే పద్ధతి వచ్చింది. 1935లో అమెరికా దీన్ని జాతీయ పథకంగా మార్చింది. మీరు పిల్లలను తెచ్చుకునేటప్పుడు హేచరీ వారిని తల్లి మందకు సాల్మొనెల్లా పరీక్ష చేశారా అని అడగడం అందుకే. షెడ్డు ఎంత శుభ్రంగా ఉంచినా పిల్లతోనే జబ్బు వస్తే మీరు చేయగలిగేది తక్కువ.

కంటితో చేసే తనిఖీ, దాని హద్దు

యూరప్ కొనుగోలు ఆపేసిన దెబ్బకు 1890, 1891లో అమెరికాలో మాంసం తనిఖీ చట్టాలు వచ్చాయి. వాటిని అమలు చేసింది సాల్మన్ శాఖే. ఇన్‌స్పెక్టర్లు కోతకు ముందు పశువును, కోసిన తరువాత మాంసాన్ని, అవయవాలను చూసేవారు. ఎగుమతి అయ్యే పంది మాంసం ముక్కలను సూక్ష్మదర్శిని కింద పెట్టి పురుగుల కోసం వెతికేవారు. ముద్ర పడిన మాంసమే ఓడ ఎక్కేది. 1891లోనే జర్మనీ నిషేధం ఎత్తివేసింది. పరీక్ష చేసిన సరుకుకు మార్కెట్ తిరిగి వచ్చింది.

అయితే ఆ తనిఖీకి ఒక హద్దు ఉంది. అది కంటితో చూసి, చేతితో తాకి, ముక్కుతో వాసన పట్టి చేసే తనిఖీ. గడ్డలు, పుండ్లు, కుళ్లు, పెద్ద పురుగులు దొరుకుతాయి. ఆరోగ్యంగా కనిపించే జంతువు పేగుల్లో మౌనంగా ఉండే బ్యాక్టీరియా దొరకదు. అంటే, తన పేరే పెట్టుకున్న బ్యాక్టీరియాను సాల్మన్ నిర్మించిన తనిఖీ వ్యవస్థ పట్టుకోలేకపోయింది. అది ఆయన అశ్రద్ధ కాదు. కంటితో చూసే ఏ తనిఖీ అయినా అంతే.

కోడి మాంసానికి ఈ తనిఖీ కూడా చాలా ఆలస్యంగా వచ్చింది. 1906లో అమెరికా చేసిన పెద్ద మాంసం తనిఖీ చట్టం పశువులు, పందులు, గొర్రెలు, మేకలకే పరిమితమైంది. కోడి మాంసానికి తప్పనిసరి తనిఖీ చట్టం 1957లో వచ్చింది. ప్లాంట్లలో తీసిన శాంపిళ్లలో సాల్మొనెల్లా ఎంతవరకు ఉండవచ్చో లెక్క కట్టి ప్రమాణాలు పెట్టడం 1996లో మొదలైంది. సాల్మన్ శాఖలో ఆ బ్యాక్టీరియా దొరికిన 111 ఏళ్లకు అన్నమాట.

చివరి ఏళ్లు

1905లో సాల్మన్ మీద ఒక ఆరోపణ వచ్చింది. మాంసం తనిఖీ లేబుళ్లు ముద్రించే కాంట్రాక్టు ఉన్న సంస్థలో ఆయనకు వాటా ఉందన్నారు. విచారణలో ఆయనను నిర్దోషిగా తేల్చారు. అయినా ఆ ఏడాది చివర్లో పదవి వదులుకున్నారు. 21 ఏళ్ల పని అలా ముగిసింది. మరుసటి ఏడాదే చికాగో మాంసం ఫ్యాక్టరీల మురికిని చూపిన అప్టన్ సింక్లెయిర్ నవల దేశాన్ని కుదిపింది, పైన చెప్పిన 1906 చట్టం వచ్చింది.

సాల్మన్ దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశానికి వెళ్లి, మాంటెవీడియోలో పశువైద్య విద్యను నిలబెట్టే పనిలో దాదాపు ఐదేళ్లు గడిపారు. తిరిగి వచ్చి మోంటానా రాష్ట్రంలోని బ్యూట్ పట్టణంలో చేరారు. అక్కడ చేసిన పని పందులకు హాగ్ కలరా సీరమ్ తయారుచేయడం. ఏ తెగులుకు బ్యాక్టీరియా కారణమని ఒకప్పుడు నమ్మారో, అదే తెగులు వైరస్ వల్ల వస్తుందని తేలాక, దాని నివారణ మందు తయారీలో చివరి రోజులు గడిపారు. 1914 ఆగస్టు 30న న్యుమోనియాతో చనిపోయారు. అప్పటికి ఆయనకు 64 ఏళ్లు.

నేడు చికెన్‌లో సాల్మొనెల్లాను ఎలా పట్టుకుంటారు

మాంసం మీద ఈ బ్యాక్టీరియా చాలా తక్కువ సంఖ్యలో ఉండవచ్చు. చల్లదనం వల్ల నీరసించి ఉండవచ్చు. పక్కనే వేరే బ్యాక్టీరియా లక్షల్లో ఉంటుంది. అందుకే నేరుగా వెతికితే దొరకదు. ముందు దాన్ని పెంచి, తరువాత గుర్తిస్తారు. ఎక్కువ ల్యాబ్‌లు పాటించే పద్ధతి ఇది.

1. మొదటి రోజు: 25 గ్రాముల మాంసం లేదా మెడ చర్మం తీసుకుని 225 మిల్లీలీటర్ల పోషక ద్రవంలో కలుపుతారు. 37 డిగ్రీల వేడిలో సుమారు 18 గంటలు ఉంచుతారు. నీరసించిన బ్యాక్టీరియా ఇక్కడ కోలుకుంటుంది.

2. రెండో రోజు: అందులో కొద్దిగా తీసి, సాల్మొనెల్లా మాత్రమే బాగా పెరిగి మిగతావి అణగిపోయే ద్రవాల్లో వేసి మరో రోజు ఉంచుతారు.

3. మూడో రోజు: ఆ ద్రవాన్ని రంగు మారే గట్టి జెల్లీ పళ్లెం మీద గీస్తారు. ఎక్స్‌ఎల్‌డి అనే పళ్లెం మీద సాల్మొనెల్లా సాధారణంగా ఎర్రటి చుక్కగా, మధ్యలో నల్లగా కనిపిస్తుంది.

4. నాలుగు, ఐదు రోజులు: ఆ చుక్క నిజంగా సాల్మొనెల్లాయేనా అని రసాయన పరీక్షలతో, సీరమ్ పరీక్షతో నిర్ధారిస్తారు. సాల్మొనెల్లాలో 2,500కు పైగా రకాలు ఉన్నాయి. ఏ రకమో కూడా అవసరమైతే తేలుస్తారు.

పిసిఆర్ యంత్రం ఉన్న ల్యాబ్‌లో ఫలితం ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. కానీ అక్కడ కూడా మొదటి రోజు పెంచే పని తప్పదు. గంటలో రిపోర్టు ఇస్తామని ఎవరైనా చెబితే ఏ పద్ధతిలో చేస్తున్నారో అడగండి.

చికెన్‌లో ఉండే మరో ముఖ్యమైన బ్యాక్టీరియా క్యాంపిలోబ్యాక్టర్. దానికి ఆక్సిజన్ తక్కువగా ఉండే ప్రత్యేక వాతావరణం, దాదాపు 42 డిగ్రీల వేడి కావాలి. అందుకే సాల్మొనెల్లా పరీక్షలో అది బయటపడదు. కావాలంటే విడిగా అడగాలి.

శాంపిల్ పంపేటప్పుడు

• ముందుగా ల్యాబ్‌కు ఫోన్ చేసి ఏ రోజు తీసుకుంటారో, ఎంత శాంపిల్ కావాలో కనుక్కోండి. మండల పశువైద్యాధికారి దారి చూపుతారు. హైదరాబాద్ దగ్గర చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ, రెండు రాష్ట్రాల పశువైద్య విశ్వవిద్యాలయాల వారి సలహా కూడా తీసుకోవచ్చు.
• షెడ్డు పరీక్షకు బూట్ల మీద తొడిగే శుభ్రమైన గుడ్డ తొడుగులు వేసుకుని లిట్టర్ అంతా తిరగండి. వాటికి అంటిన రెట్టనే పరీక్షిస్తారు. ఒక మూల నుంచి గుప్పెడు రెట్ట తీస్తే సరిపోదు.
• మాంసం శాంపిల్‌ను ల్యాబ్ ఇచ్చిన శుభ్రమైన సంచిలోనే వేయండి. లోపలి వైపు చేయి తగలనివ్వకండి.
• ఐస్ ప్యాక్‌లు ఉన్న డబ్బాలో పెట్టి వీలైతే అదే రోజు చేర్చండి. గడ్డకట్టించవద్దు. ఎండలో బైకు మీద పెట్టి తీసుకెళ్లవద్దు.
• తేదీ, షెడ్డు, కోళ్ల వయసు, వాడిన యాంటిబయాటిక్‌ల పేర్లు రాసి జతచేయండి. మందు వాడుతున్నప్పుడు తీసిన శాంపిల్‌లో బ్యాక్టీరియా ఉన్నా దొరకకపోవచ్చు.

రిపోర్టును ఎలా అర్థం చేసుకోవాలి

25 గ్రాములలో లేదు అని రిపోర్టు వస్తే, ఆ 25 గ్రాములలో దొరకలేదనే అర్థం. వెయ్యి కోళ్ల మందలో ఒక కోడి ముక్కను చూసి మిగతా 999కీ హామీ ఇవ్వలేరు. అందుకే ఒకసారి కాకుండా బ్యాచ్ బ్యాచ్‌కు, ఒకటికి మించి శాంపిళ్లు పరీక్షించాలి. యూరప్ దేశాల్లో తాజా కోడి మాంసానికి పెట్టిన నియమం కూడా ఇలాగే ఐదు శాంపిళ్లు తీసి, ముఖ్యమైన రెండు రకాలు ఏ ఒక్కదానిలోనూ ఉండకూడదంటుంది.

ఉంది అని వస్తే కంగారు పడవద్దు. దాచవద్దు కూడా. పచ్చి చికెన్‌లో ఇది ప్రపంచమంతా దొరికేదే. ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి: పిల్లలా, దాణానా, నీళ్లా, ఎలుకలా, పాత లిట్టరా. డాక్టరు చెప్పకుండా దాణాలో యాంటిబయాటిక్ కలపడం పరిష్కారం కాదు. మందుకు లొంగని బ్యాక్టీరియా తయారవుతుంది, మాంసంలో మందు అవశేషం మిగులుతుంది. కొలిస్టిన్‌ను ఆహారానికి పెంచే జంతువులకు వాడటాన్ని మన దేశంలో 2019లోనే నిషేధించారు.

టైఫాయిడ్‌ను తెచ్చేది కూడా సాల్మొనెల్లాలో ఒక రకమే. కానీ అది మనుషుల్లోనే ఉంటుంది, కోళ్ల నుంచి రాదు. చికెన్ తింటే టైఫాయిడ్ వస్తుందని ఎవరైనా భయపెడితే ఈ తేడా చెప్పండి.

మీ చేతిలో ఉన్న జాగ్రత్తలు

షెడ్డులో:
• ఎలుకలను, అడవి పక్షులను రానివ్వకండి. దాణా సంచులు నేల మీద పెట్టకండి.
• ప్రతి షెడ్డుకు విడి చెప్పులు, గుమ్మం దగ్గర మందు నీళ్ల తొట్టి ఉంచండి. ఆ నీళ్లు మురికైతే వెంటనే మార్చండి.
• బ్యాచ్ అయిపోగానే లిట్టర్ పూర్తిగా తీసి, కడిగి, ఆరబెట్టి, ఆ తరువాతే కొత్త పిల్లలను దించండి.
• కోతకు 8 నుంచి 10 గంటల ముందు దాణా ఆపండి, నీళ్లు ఆపవద్దు. పేగులు ఖాళీగా ఉంటే రెట్ట మాంసానికి అంటదు.

కోసి అమ్మేవారికి:
• పేగు తెగకుండా తీయడం అన్నిటికన్నా ముఖ్యం. తెగితే ఆ కోడిని పక్కన పెట్టి, కత్తి, చేతులు కడుక్కోండి.
• ఈకలు పీకే డ్రమ్ము, వేడినీళ్ల గిన్నె, కొట్టే మొద్దు ద్వారా ఒక కోడి నుంచి పది కోళ్లకు అంటుతుంది. నీళ్లు తరచూ మార్చండి. మొద్దును రోజూ గీకి, కడిగి, ఎండబెట్టండి.
• మాంసాన్ని 4 డిగ్రీల లోపు చల్లదనంలో ఉంచండి. ఫ్రీజర్ బ్యాక్టీరియాను ఆపుతుంది కానీ పూర్తిగా చంపదు.

వంటింట్లో:
• పసుపు, ఉప్పు, నిమ్మరసం పట్టించినా సాల్మొనెల్లా పూర్తిగా పోదు. కుళాయి కింద గట్టిగా కడిగితే చిందిన నీళ్లతో పక్కనున్న కూరగాయలకు, గిన్నెలకు అంటుతుంది.
• పచ్చి మాంసం కోసిన కత్తితో, పలకతో ఉల్లిపాయ, కొత్తిమీర కోయవద్దు.
• ముక్క మధ్యలో 74 డిగ్రీల వేడి తగిలేలా ఉడికించండి. ఎముక దగ్గర ఎర్రటి రసం కారితే ఇంకా ఉడకాలి. బాగా ఉడికిన మాంసంలో సాల్మొనెల్లా బతకదు.
• వండిన కూరను బయట రెండు గంటలకు మించి, వేసవిలో గంటకు మించి ఉంచకండి.
• ఇంట్లో చంటిపిల్లలు, గర్భిణులు, ముసలివారు ఉంటే మరింత జాగ్రత్త. వారికి ఈ విరేచనాలు ప్రాణం మీదికి రావచ్చు. జ్వరంతో కూడిన విరేచనాలు, రక్తం పడటం, నీరసం కనిపిస్తే ఓఆర్‌ఎస్ పట్టిస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సాల్మన్ నాటి రైతులకు పరీక్ష అంటే మొదట భయమే. జబ్బు బయటపడితే మంద పోతుందని దాచేవారు ఉండేవారు. కానీ పరీక్షకు ఒప్పుకున్న తరువాతే తెగులు పోయింది, మూసుకున్న మార్కెట్ తెరుచుకుంది. మన చిన్న రైతులకు కూడా అంతే. కొనేవాడికి మీ కోడి మీద నమ్మకం కలగాలంటే చూపించడానికి ఒక రిపోర్టు ఉండాలి. ఈ బ్యాచ్ అమ్మే ముందు ఒకసారి మీ పశువైద్యుడిని కలిసి శాంపిల్ ఎక్కడికి పంపాలో అడగండి.